ఆయన పోయని మందు

నాకు మందు అలవాటు చేసింది కువైట్‌లో ఒక ఆస్ట్రేలియా మనిషి అని రాయచోటి వైపు మా బంధువుల్లో చాలామంది నమ్ముతారు. పెళ్ళిళ్ళలో నలుగురు చేరితే "తెల్లదొర శిష్యుడొచ్చినాడు" అని ఆటపట్టిస్తారు. నేనూ వాళ్ళతో కలిసి నవ్వేవాణ్ణి. నిజానికి ఆయన నాకు ఒక్క చుక్క కూడా పోయలేదు. ఆ కథ పుట్టించింది నేను, ఊళ్ళోవాళ్ళ దగ్గర దాన్ని సరిదిద్దనిదీ నేనే. ఆయన ఉద్యోగం చాలించుకుని తన దేశం వెళ్ళిపోయాడు. ఇప్పుడైనా ఉన్నది ఉన్నట్టు చెప్పాలనిపించి రాస్తున్నాను.

ఆయన మా కంపెనీలో పెద్ద క్రేన్ల మరమ్మతు చూసేవాడు. ఆయన బండికి నేను డ్రైవర్ని. అరవై దాటిన మనిషి, ఎండకు మెడ ఎర్రగా కమిలిపోయి ఉండేది. పొద్దున ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడల్లా తన ఊరి కబుర్లు మొదలుపెట్టేవాడు, అవి తిరిగి తిరిగి తాగుడు దగ్గరికే చేరేవి. వాళ్ళ దేశంలో ఒకే బీరు గ్లాసును ఒక్కో రాష్ట్రంలో ఒక్కో పేరుతో పిలుస్తారట. పక్క రాష్ట్రం వాడు బారుకొచ్చి తన ఊరి పేరుతో గ్లాసు అడిగితే అందరూ తలతిప్పి చూస్తారట. చేతి వేడికి బీరు చల్లదనం పోకుండా డబ్బాకు స్పంజి తొడుగు వేస్తారట. యుద్ధాల్లో పోయిన సైనికులను తలుచుకునే రోజున తెల్లవారకముందే లేచి, చలిలో నిలబడి, కాఫీలో రమ్ము కలుపుకుని తాగుతారట. అది చెప్పేటప్పుడు మాత్రం ఆయన గొంతు తగ్గేది. వాళ్ళ తాత ఆ యుద్ధాల్లో ఒకదానికి వెళ్ళి వచ్చినవాడు.

సాయంత్రం ఖైతాన్‌లోని మా గదికి చేరాక ఇవన్నీ మా ఆవిడకు చెప్పేవాణ్ణి. ఆమె ఒక కువైటీ ఇంట్లో వంట చేసి, నాకంటే కాస్త ముందు వచ్చి ఉండేది. విందుకు పిలిచినా ఎవరి బీరు వాళ్ళే ఐసుపెట్టెలో మోసుకొస్తారని చెప్తే చాలాసేపు నవ్వింది.

"పెండ్లికి పిలిచి అన్నం మూట కట్టుకోని రమ్మన్నట్ల. సిగ్గు లేదా వాళ్ళకు?" అంది.

చలికాలం శుక్రవారాల్లో ఆయన, ఆయన స్నేహితులు ముగ్గురు వఫ్రాలో ఒక తోట అద్దెకు తీసుకుని మాంసం కాల్చుకునేవారు. నన్ను డ్రైవర్‌గా కాక, తమలో ఒకడిగా పిలిచి తీసుకెళ్ళేవాడు. ఐసుపెట్టె ఉండేది, స్పంజి తొడుగులు ఉండేవి. డబ్బాల్లో ఉండేది మాత్రం ఏ బకాలా కొట్లోనైనా దొరికే, మత్తు లేని బార్లీ నీళ్ళు. "ఈ దేశం జీతం తీసుకుంటూ ఈ దేశం చట్టం నాకు పట్టదనడం బాగుండదు" అనేవాడు ఆయన.

డబ్బాల్లో మత్తు లేకపోయినా, తాగే పద్ధతి మాత్రం పోలేదు. అక్కడ ఎవరి డబ్బా వాళ్ళు తీసుకోరు. వరుస ఉంటుంది. ఒకరు లేచి అందరికీ తెచ్చిస్తారు, అవి అయ్యాక ఇంకొకరు. మొదటి శుక్రవారం నాకది తెలియదు. పెద్దవాళ్ళు లేచి తిరుగుతుంటే నేను కూర్చోవడమేమిటని, ఎవరి డబ్బా ఖాళీ అయినా పరుగున తెచ్చిస్తూ పోయాను. రెండుసార్లు ఊరుకున్నారు. మూడోసారి వాళ్ళలో ఒకాయన నా చేతిలోని డబ్బాలు తీసుకుని తిరిగి పెట్టెలో పడేశాడు. నేను బిత్తరపోయాను.

మా సార్ పక్కకు పిలిచి చెప్పాడు: "ఇప్పుడు వరుస వాడిది. నువ్వు వాడి వరుస లాక్కున్నావు. ఇంటికెళ్ళాక నిద్రపట్టదు వాడికి. నీ వంతు వచ్చినప్పుడు తే. తెచ్చి నువ్వు కూడా తాగాలి. తెచ్చినవాడు తాగకపోతే మేమూ ముట్టం."

నా వంతు వచ్చినప్పుడు తెచ్చాను. నలుగురూ డబ్బాలు పట్టుకుని, నేను గుటక వేసేదాకా ఆగారు. ఆ గుటక నాకు ఇప్పటికీ గుర్తుంది. అరబ్బు దేశంలో అన్నేళ్ళు పనిచేశాను, నేను తాగాలని నలుగురు ఆగింది ఆ ఒక్క చోటే.

ఇంటికెళ్ళి ఆ వరుస సంగతి మా ఆవిడకు గొప్పగా చెప్పాను. డబ్బాల్లో ఉన్నది బార్లీ నీళ్ళని మాత్రం చెప్పలేదు. చెబితే కథ చప్పబడిపోతుందనిపించింది.

తప్పు అక్కడ మొదలైంది. వఫ్రా నుంచి వచ్చి సార్‌ను దింపాక, నేను ఫర్వానియాలో మా జిల్లావాళ్ళ గదికి వెళ్ళడం మొదలుపెట్టాను. అక్కడ నీళ్ళ సీసాల్లో నాటు సరుకు దొరికేది. ఒక శుక్రవారం పొద్దుగూకాక ఇంటికి వెళితే మా ఆవిడ గుమ్మంలోనే నిలదీసింది.

"ఏంది ఈ వాసన?"

"సార్ వాళ్ళు పోసినారు. వద్దంటే వినరు. వరుస కాదంటే వాళ్ళకు అవమానం. చెప్పినా కదా."

ఆమె నమ్మింది. ఆస్ట్రేలియా వాళ్ళు తాగుబోతులని లోకం అంటుంది, నేను చెప్పిన కబుర్లన్నీ అవే. తర్వాతి శుక్రవారాలకూ అదే జవాబు సరిపోయింది. చివరికి ఆమెకు భయం పట్టుకుంది. రాయచోటిలో వాళ్ళ అన్నకు ఫోన్ చేసి ఏడ్చింది. ఆ బండి వదిలి కంపెనీలో ఇంకో బండికి మారకపోతే, ఆ దేశంలో ఉండనిచ్చే తన ఇఖామా కార్డు రద్దు చేయించుకుని ఊరికి పోతానంది. ఉత్తమాట అనే మనిషి కాదు ఆమె.

ఒక గురువారం సార్‌తో చెప్పాను: "ఇంట్లో ఇబ్బందిగా ఉంది సార్. ఈ నెలతో మీ బండి ఖలాస్."

ఆయన కారణం అడగలేదు. "రేపు వస్తావుగా? మొదటి వరుస నీదే" అన్నాడు.

నేను వెళ్ళలేదు. ఆ శుక్రవారం మధ్యాహ్నం ఇంట్లో ఉండగా ఫోన్ మోగింది. సార్ మా బిల్డింగ్ కింద ఉన్నాడు, స్నేహితుడి బండిలో వచ్చాడు.

"రానీ పైకి" అంది మా ఆవిడ. "నేనూ చూస్తా ఆయప్పను."

ఆయన ఆయాసపడుతూ మెట్లెక్కి, గుమ్మం దగ్గర చెప్పుల వరుస చూసి తన బూట్లు విప్పాడు. రెండు చేతుల్లో రెండు చల్లటి డబ్బాలు. "నువ్వు రాలేదు, నేనే తెచ్చాను" అన్నాడు. మా ఆవిడ లోపలికి రమ్మనలేదు. నా వైపు తిరిగింది.

"అడుగు. ఇంగొకరి మొగుణ్ణి చెయ్యి పట్టుకోని తాపించేది ఏం మర్యాదంట? రేపు పోలీసులొస్తే ఆయప్ప ఇమానమెక్కి పోతాడు. నువ్వు జైల్లో కూచ్చోవాల. అడుగు, అట్లే అడుగు."

ఆయనకు తెలుగు రాదు, ఆమెకు ఇంగ్లీషు రాదు. ఇద్దరి మధ్య నేను. "ఏమంటోంది మేట్?" అని ఆయన నవ్వుముఖంతో చూస్తున్నాడు. మంచినీళ్ళు తాగుతారా అని అడుగుతోంది సార్ అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట అని ఉంటే ఆయన అక్కడి నుంచే వెళ్ళిపోయేవాడు, మా ఆవిడ దృష్టిలో ఎప్పటికీ చెడ్డవాడిగానే.

"ఆయన పోయలేదు" అన్నాను ఆమెతో.

"ఏంది?"

"ఎప్పుడూ పోయలేదు. వాళ్ళు తాగేది బార్లీ నీళ్ళు, మన కింద బకాలాలో అమ్మేటివే. నేను తాగింది ఫర్వానియాలో, మనోళ్ళ రూములో."

ఆమె ఆయన చేతిలోంచి ఒక డబ్బా తీసుకుని తిప్పి చూసింది. మత్తు ఎంత శాతమో చెప్పే చోట ఉన్న సున్నా చదవడానికి ఇంగ్లీషు అక్కరలేదు.

"మా అన్నకు గూడా చెప్తినే, ఆయప్పేనని" అంది నెమ్మదిగా. "తలకాయ యాడ పెట్టుకోవాల నేను?" గుమ్మంలోంచి పక్కకు జరిగి, "కూచ్చోమను" అంది.

చాప పరిచి, బొరుగుల ఉగ్గాని పళ్ళెం, మజ్జిగ తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన చేత్తోనే తిన్నాడు, కారానికి కళ్ళు తుడుచుకుంటూ. ఆమె గోడకానుకుని నిలబడి చూస్తూ ఉంది.

"ఇప్పుడు చెప్పు ఆయప్పకు. నేనేమడిగినానో, నువ్వేం చేసినావో, రొండూ."

"తిననీ. తిన్నంక చెప్తా."

"తిన్నంక లేచి పోతాడు. అప్పుడు నువ్వు చెప్పవు. నాకు తెల్సు నీ సంగతి."

చెప్పాను. నాకున్న ఇంగ్లీషులో దాచుకోవడానికి మాటలు లేవు. ఆయన నమలడం ఆపి విన్నాడు.

"మావాళ్ళకు ఆ పేరు ఉంది కాబట్టి ఆమె నమ్మింది" అన్నాడు చివరికి.

"అవును సార్."

"ఆ పేరు మేమే తెచ్చుకున్నాంలే. మా నాన్న దానికోసం బాగా కష్టపడ్డాడు." అది నవ్వించడానికి అన్నదని తెలుస్తూనే ఉంది, కానీ ఆయన ముఖంలో నవ్వు లేదు. పళ్ళెం ఖాళీ చేసి, మా ఆవిడకు అరబ్బీలో "షుక్రన్" అని కృతజ్ఞత చెప్పి, గుమ్మంలో వంగి బూట్లు వేసుకున్నాడు. ఆయన దిగి వెళ్ళేదాకా ఆమె మెట్ల దగ్గరే నిలబడింది.

ఆదివారం పనికి వెళ్ళాను. బండి మార్చమని ఎవరినీ అడగలేదు. ఎప్పుడూ నా పక్కన కూర్చునే మనిషి ఆ రోజు వెనక తలుపు తీసి ఎక్కాడు. కబుర్లు లేవు. చాలా వారాలు అట్లాగే నడిచింది. ఫర్వానియా గదికి నేను మళ్ళీ వెళ్ళలేదు, కానీ అది ఆయనకు చెప్పుకునే ధైర్యం లేకపోయింది.

ఒక పొద్దున ఆయన ముందు తలుపు తీసి ఎక్కాడు. బెల్టు పెట్టుకుంటూ, "ఈ శుక్రవారం మీ ఆవిడను కూడా తీసుకురా" అన్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చి చెప్పాను. ఆమె పొయ్యి మీది గిన్నె దించి, చేతులు తుడుచుకుని, "ఎన్ని గంటలకు బయలుదేరాల?" అని అడిగింది.