బ్యారీ ఇసుకలో ప్రేమలీల డ్యూటీ

ప్రేమలీల నమ్మేవి రెండే: బైబిలు, డ్యూటీల పట్టిక అయిన రోటా. ఆ రెండింటిలో ఏది రాసి ఉంటే అది జరిగి తీరాల్సిందే.

చీరాల దగ్గర వాడరేవులో పుట్టి, నర్సింగు చదివి, 2006లో వేల్స్‌లోని కార్డిఫ్ చేరింది. అప్పట్నుంచీ ఒక ఏజెన్సీ తరఫున ముసలివాళ్లను చూసుకునే కేర్ హోముల్లో పనిచేస్తోంది. ఇన్నేళ్లలో ఒక్క షిఫ్టు కూడా మధ్యలో వదిలి రాలేదు. ఒకసారి ఫైర్ అలారం మోగి అందర్నీ బయటికి తెస్తే, ఆ కార్ పార్కులోనే వరసగా నిలబెట్టి మధ్యాహ్నం మాత్రలు మింగించింది. ఆమె భర్త దయారత్నం ఆస్పత్రిలో పోర్టరు. ఈ సంగతులన్నీ ఆయన చెప్పగా విన్నవే. ఆమెనడిగితే, "అందులో చెప్పేదేముందండీ, డ్యూటీ చేశాను" అంటుంది.

2014 జులైలో ఒక శుక్రవారం ఆమె ఫోనుకి రోటా వచ్చింది. శని, ఆది, సోమవారాలు, పొద్దున ఏడింటి నుంచి. చోటు బ్యారీ ఊళ్లో సముద్రం ఎదురుగా ఉన్న హోటలు. పన్నెండు మంది మగవాళ్లు. ఇంగ్లీషు రాదు. కాళ్లు జాగ్రత్తగా చూసుకోవాలి. రోజూ కాసేపు ఇసుకలోకి తీసుకెళ్లాలి.

ఏదో కేర్ హోముకి మరమ్మతులు చేయిస్తూ పేషెంట్లను హోటల్లో పెట్టారు కాబోలు అనుకుంది ప్రేమలీల.

అసలు జరిగింది వేరు. ఆ మూడు రోజులూ బ్యారీ ఒడ్డున ఎనిమిది దేశాల పురుషుల జట్లకు బీచ్ సాకర్ పోటీలు. జట్టుకి ఐదుగురు చొప్పున, ఉత్త కాళ్లతో, ఇసుకలో ఆడే ఫుట్‌బాల్ అది. అందులో ఒక జట్టు తమకు ఫిజియో కావాలని ఇదే ఏజెన్సీని అడిగింది. ఏజెన్సీలో ఎవరో రెండు పేర్లు తారుమారు చేశారు. దాంతో ప్రేమలీల బ్యారీకీ, ఓవెన్ అనే ఫిజియో కార్డిఫ్‌లో ప్రేమలీల వెళ్లాల్సిన కేర్ హోముకీ వెళ్లారు.

శనివారం పొద్దున ఆమె హోటలు లాంజిలోకి అడుగుపెట్టేసరికి పన్నెండు మంది కార్పెట్ మీద వెల్లకిలా పడుకుని, కాళ్లు పైకెత్తి ఉన్నారు. అందరూ పాతికేళ్ల వాళ్లు.

"ఇంత చిన్న వయసులో ఏం కష్టమొచ్చిందో నాయనా," అని కళ్లు తుడుచుకుని బీపీ మెషీన్ తీసింది.

పన్నెండు మంది బీపీ రాసుకుంది. తర్వాత జ్ఞాపకశక్తి పరీక్ష. గడ్డమున్న పొడుగాటి మనిషిని, అంటే కెప్టెన్‌ని, ఇవాళ ఏ వారమో చెప్పమని ఇంగ్లీషులో అడిగింది. అతను తెల్లమొహం వేశాడు. ఎటూ ఇంగ్లీషు రానప్పుడు ఏ భాషయితేనేం అని తెలుగులోకి దిగింది.

"బాబూ, మీదే ఊరు? గుర్తుందా?"

ఇదేదో పోటీ ముందు జరిగే లాంఛనం అనుకున్నాడతను. లేచి గుండె మీద చెయ్యేసుకుని తన దేశపు జాతీయ గీతం ఎత్తుకున్నాడు. మిగతా పదకొండు మందీ లేచి గొంతు కలిపారు. ప్రేమలీల చివరి చరణం దాకా ఓపిగ్గా విని, కాగితం మీద "పాటల కార్యక్రమం అయింది, అందరూ పాల్గొన్నారు" అని రాసుకుంది.

వాళ్ల ఫొటో తీసి కూతురు సారాకి పంపింది. నిమిషంలో ఫోనొచ్చింది.

"మమ్, దే ఆర్ నాట్ రెసిడెంట్స్! దట్స్ ఎ నేషనల్ టీమ్!"

"ఏ నేషనయితే ఏంటమ్మా, పన్నెండింటికి అన్నం పెట్టాలా వద్దా?"

"యూ హావ్ టు టెల్ సమ్‌వన్!"

చెప్పకేం, ఏజెన్సీకి ఫోన్ చేసింది. ఆఫీసు సోమవారం దాకా మూసి ఉంటుందనీ, ఆమె కాల్ తమకు ఎంతో ముఖ్యమనీ రికార్డు చేసిన గొంతు చెప్పింది. బదులు మనిషి రాకుండా షిఫ్టు వదలకూడదు. ప్రేమలీల ఏప్రాన్ కట్టుకుంది.

ఆ జట్టుది చుట్టూ కొండలున్న దేశం. సముద్రం లేదు. ఇల్లు కట్టడానికి పోసిన ఇసుక కుప్ప మీద ఎనిమిది నెలలు సాధన చేసి వచ్చారు. కుప్ప మీద కాబట్టి ఎత్తునుంచి కిందికి పరిగెత్తడం మాత్రమే వచ్చు. బ్యారీలో ఇసుక చదునుగా ఉండటం చూసి వాళ్ల ముసలి కోచ్ అక్కడే కూలబడ్డాడు. దానికి తోడు సన్నగా వాన. మొదటి మ్యాచ్‌లో మడమల దాకా కూరుకుపోతూ పద్నాలుగు గోల్స్ తేడాతో ఓడిపోయారు.

మ్యాచ్ మధ్యలో కెప్టెన్ బొటనవేలు చిట్లింది. ప్రేమలీల ఎవర్నీ అడక్కుండా పెట్టె పట్టుకుని గ్రౌండులోకి నడిచింది. రెఫరీ విజిల్ ఊదుకుంటూ, మొహం కందగడ్డలా చేసుకుని పరిగెత్తుకొచ్చాడు.

"ముందు మీరు కూర్చోండి," అంది ఇంగ్లీషులో, కేర్ హోములో వాడే గొంతుతో. ఆ గొంతుకి ఎదురు చెప్పినవాళ్లు ఇంతవరకు లేరు. రెఫరీ ఇసుకలో చతికిలబడ్డాడు. బీపీ నూట డెబ్బై ఉంది.

"మీ జీపీ డాక్టరు దగ్గరికెళ్లి ఎన్నాళ్లయింది?"

"రెండేళ్లు," అన్నాడు రెఫరీ, తప్పు చేసినవాడిలా.

ఆరు నిమిషాలు ఆట ఆగింది. అవతలి జట్టు గోల్‌కీపరు కూడా బీపీ చూపించుకోవడానికి వచ్చి వరసలో నిలబడ్డాడు.

ఆదివారం పొద్దున ఆమె చెప్పులు విప్పి ఇసుకలోకి దిగింది. వాళ్ల నాన్న వాడరేవులో వల లాగేవాడు. చిన్నప్పుడు ఆమె కూడా తాడు పట్టింది.

"మడమ ఆనించకండయ్యా! వేళ్ల మీద, చిన్న చిన్న అడుగులు. ఇసుకని తొక్కితే అది మిమ్మల్ని మింగుద్ది," అంటూ చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని తానే పరిగెత్తి చూపించింది. వెనక పన్నెండు మంది. కోచ్ కూడా ప్యాంటు ఎత్తి పట్టుకుని పరిగెత్తాడు, ఎత్తడం కూడా పద్ధతిలో భాగమనుకుని. ఆ సాయంత్రం ఐదు గోల్స్ తేడాతోనే ఓడారు. హోటల్లో పండగ చేసుకున్నారు.

సోమవారం ఆఖరి మ్యాచ్. ముందు ప్రేమలీల వాళ్లను గుండ్రంగా నిలబెట్టి ప్రార్థన చేసింది. "ప్రభువా, నీకు స్తోత్రం" అని ఆమె అన్నప్పుడల్లా వాళ్లూ "స్తోత్రం" అన్నారు. ఆమె కొత్త ఎత్తుగడ నేర్పుతోందని వాళ్ల నమ్మకం. ఆటలో బంతి అందించిన ప్రతిసారీ "స్తోత్రం!" అని అరిచారు. అవతలి గోల్‌కీపరు సంస్కారమున్నవాడు. అది వేల్స్‌లో నమస్కారం లాంటిది కాబోలనుకుని, అరిచిన ప్రతిసారీ చెయ్యెత్తి బదులిచ్చాడు. అలా చెయ్యెత్తినప్పుడు మూడు గోల్స్ పడ్డాయి. మూడు–రెండుతో గెలిచారు. కోచ్ ఇసుకలో పొర్లి పొర్లి ఏడ్చాడు. ప్రేమలీల ఒడ్డున నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టింది. తర్వాత కోచ్ కంట్లో పడ్డ ఇసుక కడిగింది.

ఆ సాయంత్రం ఓవెన్ ఫోన్ చేశాడు. కేర్ హోములో వాళ్లు అద్భుతంగా ఉన్నారట. తొంభై ఒక్క ఏళ్ల మార్గరెట్ పది గుంజీళ్లు తీసిందట. తను అక్కడే ఉండిపోతే ఆమెకేమైనా అభ్యంతరమా అని అడిగాడు.

"ఉండు నాయనా. నడుములు మాత్రం జాగ్రత్త," అంది.

మంగళవారం జట్టు బస్సెక్కింది. రోటాలో లేకపోయినా సాగనంపడానికి వచ్చిన ప్రేమలీలకి కెప్టెన్ బస్సు మెట్ల మీద నిలబడి చాలాసేపు ఏదో చెప్పాడు. ఆమెకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. "అలాగే నాయనా, వేళకి తిను," అని బదులిచ్చింది. అతను తలూపి ఏడ్చాడు.

మూడు వారాల తర్వాత ఏజెన్సీ నుంచి క్షమాపణ ఉత్తరం వచ్చింది. దాని మీద పేరు "మిస్టర్ ఓవెన్ ప్రేమలీల" అని ఉంది. అది ఎవరికి చెందుతుందో తేలక, ఇప్పటికీ ఒక నెల వాళ్లింట్లో, ఒక నెల ఓవెన్ ఫ్లాట్‌లో ఉంచుకుంటున్నారు.