చెరువు మీద చేమంతులు

కొల్లేటిలో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం పగలగొట్టించక ముందు మాట. ఒక లంకలో పాత చర్చి చూద్దామని పడవెక్కాను. పక్కన ఒక పెద్దావిడ ఒడిలో చేమంతులు పెట్టుకుని కూర్చుంది. చర్చి గోపురం, దాని నీడ పడిన చెరువు కనబడగానే కెమెరా ఎత్తాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"ఆ నీళ్లు ఫోటో తియ్యకండి బాబూ. అందులో మా అమ్మ ఉందండీ."

కెమెరా దించాను. "నీళ్లలో పడి చనిపోయారాండీ?"

"కాదండీ. అది మా సమాధుల దొడ్డి. మేం కోతలకెళ్లి వచ్చేసరికి పొక్లెయిన్ పెట్టి తవ్వి చేపల చెరువు చేసేశారు."

పడవ ఆగాక ఆవిడ గట్టెక్కి, పూలన్నీ ఆ చెరువులో వదిలింది. మేత అనుకుని చేపలు గుంపుగా పైకి లేచాయి. ఆవిడ అలాగే చూస్తూ నిలబడింది. నేను చూడలేకపోయాను.

మధ్యాహ్నం భీమడోలు హోటల్లో చేపల పులుసు వడ్డించబోతే, విస్తరికి చెయ్యి అడ్డం పెట్టాను. ఇప్పటికీ పెడుతూనే ఉన్నాను.