రోడ్డుకు అటువైపు కల్లం

నేను ఎవరి సొమ్మూ తినలేదు. ఎవరి కొంపా ముంచలేదు. అయినా ఇరవై ఏళ్ళకు పైగా ఒక్క మాట నా గొంతులో చేపముల్లులా అడ్డంపడి ఉంది. మింగితే దిగదు, కక్కితే రాదు. పనిలో పడితే మర్చిపోతాను. కానీ మా వీధిలో ఎవరైనా కొత్త బండి తెచ్చి ముందు చక్రం కింద నిమ్మకాయ పెట్టారంటే చాలు, ఆ ముల్లు మళ్ళీ కదులుతుంది. నలుగురితో పాటు నేనూ వెళ్ళి చూస్తాను. కొబ్బరిముక్క నోట్లో వేసుకుంటాను. బాగుందమ్మా బండి అంటాను. ఇంటికొచ్చి ఏదో ఒక పని పెట్టుకుంటాను.

మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియాల్సిన పనీ లేదు. అందుకే చెప్పగలుగుతున్నాను. మొహం ఎరిగినవాళ్ళకు చెబితే ఛీ అంటారని ఒక భయం, ఓస్ ఇంతేనా అంటారని ఇంకో భయం. రెండోదే నాకు ఎక్కువ భయమేమో. ఇన్నేళ్ళు మోసింది ఎవరో వచ్చి తేలిగ్గా తీసి పక్కన పడేస్తే ఏమైపోవాలి నేను? మీరు వినండి చాలు.

మాది గుంటూరు నుంచి అమరావతి వెళ్ళే రోడ్డు మీద దిగి లోపలికి నడవాల్సిన ఊరు. మిరప వేస్తాం, పత్తి వేస్తాం. ఆ రోజుల్లో ఇంట్లో ముగ్గురమే. మా ఆయన, నేను, మా అత్తయ్య. మామయ్యగారు నా పెళ్ళికి ముందే పోయారు. అత్తయ్య మంచిది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఆమె గయ్యాళి అయ్యుంటే నాకు ఈ బాధే లేదు, చేసిన దానికి సరిపోయిందిలే అనుకుని పడుకునేదాన్ని. నాకు జ్వరం వస్తే పక్కన కూర్చుని కాళ్ళు పట్టిన మనిషి. మా ఇంట్లో నోరున్నది నేనే. ఆమె కాదు.

తొంభైల చివర్లో ఒక ఏడు మిరపకు మంచి ధర పలికింది. అంతకుముందు వరసగా తెగుళ్ళు, పురుగు. మా ఆయన సైకిలు వెనక మందు డబ్బాలు కట్టుకుని పొలానికీ ఇంటికీ తొక్కీ తొక్కీ మనిషి సగమయ్యారు. ఆ ఏడు కాయ అమ్మి ఇంటికి రాగానే, బండి కొందామే అన్నారు. నాకంటే అత్తయ్యకే ఎక్కువ సంబరం. కొత్త బండికి కొట్లో కొన్న నిమ్మకాయలేంటి, మా అక్క పెరట్లో చెట్టు విరగకాసింది, వెళ్ళి తెస్తానంది. ఆ అక్కగారి ఊరు మా ఊరికీ గుంటూరుకీ మధ్యలో ఉంటుంది. పొద్దున్నే అందరం ఒకే బస్సెక్కాం. ఆమె మధ్యలో దిగిపోయింది. మధ్యాహ్నం బస్సుకు ఇంట్లో ఉంటానని చెప్పి మరీ దిగింది.

షోరూములో మాకు నాలుగింటి దాకా పట్టింది. ఎర్ర బండి. సీటు మీద ప్లాస్టిక్ కవరు ఇంకా అలాగే ఉంది. దాన్ని పీకొద్దని మా ఆయన షోరూము కుర్రాళ్ళతో పోట్లాడినంత పనిచేశారు. కొత్త ఇంజను, మొదటి సర్వీసింగు దాకా నెమ్మదిగా నడపండి, ఎక్కువ బరువు వెయ్యకండి అని వాళ్ళు చెబితే పరీక్షకు చదువుకునే పిల్లాడిలా తలాడించారు. గేటు దాటేలోపు రెండుసార్లు ఆగిపోయింది. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

బండి ఎక్కడం నాకు అదే మొదలు. ఎడమవైపుకు కాళ్ళు వేసుకుని పక్కగా కూర్చున్నాను. ఒక చెయ్యి సీటు వెనక కడ్డీ మీద, ఒక చెయ్యి ఆయన భుజం మీద. ఆ భుజం మీద చెయ్యి సంగతి మీకు చెప్పాలి. మా ఊళ్ళో మొగుడూ పెళ్ళాం పెళ్ళికి పోతున్నా పక్కపక్కన నడవరు. ఆయన ముందు, నేను వెనక, మధ్యలో నలుగురు పట్టేంత ఎడం. అలాంటిది నడిరోడ్డు మీద, పట్టపగలు, అందరూ చూస్తుండగా మా ఆయన భుజం మీద నా చెయ్యి! తప్పని ఎవరూ అనరు. పట్టుకోకపోతే పడిపోతానుగా మరి.

గుంటూరు దాటాక గాలి తగిలింది. కొత్త రబ్బరు వాసన, పెట్రోలు వాసన. వాటి మీద రోడ్డు పక్క కాయ ఆరబోసిన కల్లాల నుంచి మిరప ఘాటు. నేను తుమ్మితే ఆయన నవ్వారు, ఆయన తుమ్మితే బండి వంకర తిరిగింది, ఇద్దరం నవ్వాం. ఆయన వేగం నలభై దాటనివ్వలేదు. నాకు అదే గాల్లో తేలినట్టుంది. ఇంట్లో నాలుగు మాటలు గట్టిగా మాట్లాడని మనిషి ఆ రోజు గాలికి వినపడదని అరిచి అరిచి మాట్లాడారు. పెళ్ళయి నాలుగేళ్ళు. మేమిద్దరం అంతసేపు వేరే మనిషి లేకుండా ఉండటం అదే మొదలనిపించింది. ఇప్పటికీ ఆ సంతోషాన్ని తప్పనలేను. దాని తర్వాత చేసిందే తప్పు.

దారిలో ఆయన అన్నారు, ఇంటికెళ్ళగానే ముందు అమ్మని ఎక్కించుకుని ఊరంతా ఒక చుట్టు తిప్పాలి అని. అమ్మ చేతనే కొబ్బరికాయ కొట్టిస్తాను, ఎవరేమనుకుంటే నాకేంటి అని కూడా అన్నారు. మొగుడు పోయిన ఆడది శుభానికి ఎదురు రాకూడదని మా వైపు పట్టింపు. ఆయనకు అలాంటివి ఏ కోశానా లేవు. మంచి మాటే కదా? నాకూ మంచి మాటే అని తెలుసు. కానీ లోపల ఎక్కడో చురుక్కుమంది. ఇవాళ ఒక్క రోజు కూడా నాది కాదా అనిపించింది. ఎంత సిగ్గుమాలిన ఆలోచన! బండి మీద కూర్చుని ఉన్నది నేనే. ఇంకేం కావాలి నాకు?

అత్తయ్య అక్కగారి ఊరు వచ్చింది. రోడ్డు వారగా ఎడమ పక్కన బస్సు ఆగే చోటు. తుమ్మచెట్టు కింద ఒక మనిషి ఒంటరిగా నిలబడి ఉంది. దూరం నుంచే పోల్చాను. తల మీదుగా కొంగు కప్పుకుని రెండో కొసను మూట కట్టి పొట్టకు ఆనించుకుని నిలబడే తీరు ఇంకెవరికీ లేదు. ఆ మూటలో ఏమున్నాయో కూడా నాకు తెలుసు. మధ్యాహ్నం బస్సు రాలేదన్నమాట.

మా ఆయన చూళ్ళేదు. గుంటలు తప్పించుకుంటూ ముందు చక్రం ముందరే చూస్తున్నారు. నేను పక్కకు తిరిగి కూర్చున్నానుగా, ఆమెకు సరిగ్గా ఎదురుగా ఉన్నాను.

చెబితే ఆపుతారు. ఆపితే నేను దిగాలి. ముగ్గురం ఎక్కడానికి కొత్త ఇంజనని ఆయన ఒప్పుకోరు. అప్పుడు కొత్త బండి వచ్చిన రోజున నేను ఏ చీకటి పడ్డాకో బస్సు దిగి నడుచుకుంటూ ఊళ్ళోకి వెళ్ళాలి. ఆడవాళ్ళంతా గుమ్మాల్లో ఉంటారు. ఇవన్నీ ఆ రెప్పపాటులోనే ఆలోచించానా, లేక తర్వాత నన్ను నేను సముదాయించుకోవడానికి అల్లుకున్నానా? తెలియదు. నా చెయ్యి మాత్రం లేచింది. అత్తయ్య చెయ్యి కూడా అప్పుడే లేచింది.

రోడ్డుకు కుడివైపున ఒక కల్లం ఉంది. నేను ఆయన కుడి భుజం తట్టి, అటు చూడండి, కాయ ఎంత ఎర్రగా ఉందో అన్నాను. మిరప రైతు ఇంకొకరి కల్లం వైపు చూడకుండా ఉండలేడు. అది నాకు తెలుసు. తెలిసే అన్నాను. ఆయన తల పూర్తిగా అటు తిప్పారు. నేనూ తిప్పాను. బండి అలాగే ముందుకు పోయింది. ఎరుపేముంది, తెల్లబడ్డ తాలుకాయ చాలా ఉంది అందులో, అని ఆ తర్వాత చాలా దూరం దాకా ఆ కల్లం గురించే మాట్లాడారు ఆయన. నేను ఊఁ కొట్టాను. వెనక్కి తిరిగి చూడలేదు.

ఇంటి దగ్గర ఇరుగుపొరుగు అంతా సిద్ధం చేసి ఉంచారు. అత్తయ్యే లేదు. అమ్మ వచ్చాకే పూజ అని మా ఆయన పట్టుబట్టారు. పొద్దు గూట్లో పడుతోంది, ఇంకెప్పుడురా అని పక్కింటి పెద్దమ్మ కేకలేసింది. కొట్లో నిమ్మకాయలు తెచ్చారు, ఆవిడే హారతిచ్చింది. అందరూ కొబ్బరిముక్కలు తిని వెళ్ళిపోతుంటే అత్తయ్య వచ్చింది, నడుచుకుంటూ. చెప్పులు చేతిలో ఉన్నాయి. సాయంత్రం బస్సూ రాలేదట.

"అదేంటమ్మా, మేం ఆ దారినే వచ్చాం. స్టాపులో నువ్వు లేవే?" అన్నారు మా ఆయన.

ఆమె కొడుకు మొహం చూసింది. "అవతల చెట్టు నీడన కూర్చున్నాలేరా. కనపడి ఉండను," అంది.

ఆయన నా వైపు తిరిగారు. "నీకు కనపడిందా?"

"లేదండీ," అన్నాను.

అంతే. ఒక్క మాట. కల్లం వైపు ఆయన తల తిప్పించడం కంటే ఈ మాటే నన్ను ఎక్కువ తిన్నది. అది తొందరపాటు అనుకోవచ్చు. ఇది నిలబడి, ఆమె కాళ్ళకున్న దుమ్ము చూస్తూ చెప్పింది. ఆ నిమ్మకాయలతో అత్తయ్య ఊరగాయ పెట్టింది. ఏడాదంతా తిన్నాం.

ఇక్కడితో ఆగినా పోయేది. ఆగలేదు. కొన్నాళ్ళకు ఇద్దరం కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తున్నాం. ఆమె తల ఎత్తకుండానే మొదలుపెట్టింది.

"వాడిదేం తప్పు లేదమ్మా. కొత్త బండాయె. బొట్టులేనిది ఎదురుగా నిలబడి చెయ్యెత్తితే ఎవరు మాత్రం ఆపుతారు? వాడు మొహం అటు తిప్పుకోవడం నేను చూశాగా. నాకే బుద్ధుండాల, చెట్టు చాటుకు పోవాల్సింది. నువ్వు వాడితో అనమాక. బాధపడతాడు."

మిరప ఘాటుకు కళ్ళు మండుతున్నాయి. అందరూ ఘాటుకే మండుతున్నాయని అనుకునే చోటు అది, ఏడ్చినా ఎవరికీ తెలియదు. 'అత్తయ్యా, ఆయన అలాంటివాడు కాదు, మొహం తిప్పించింది నేను' అని నాలుక చివరిదాకా వచ్చింది. ఎందుకు ఆగిపోయాను? ఆమె తిడుతుందనా? తిట్టదని తెలుసు. తిట్టకుండా నా వైపు ఒక్కసారి చూస్తుందే, ఆ చూపుకే భయపడ్డాను. తొడిమలు తీస్తూనే ఉన్నాను.

ఆ తర్వాత ఆమె ఎప్పుడూ ఆ బండి ఎక్కలేదు. ఆయన బయల్దేరుతుంటే వసారాలో ఉన్నదల్లా లేచి లోపలికి పోయేది. బండి చప్పుడు వీధి మలుపు తిరిగాకే బయటికొచ్చేది. ఆయన బతిమాలేవారు, రా అమ్మా, ఆస్పత్రికి దించుతా, మీ అక్కింటికి దించుతా అని. నడుం నొప్పిరా, బస్సుందిగా అనేది. అదే నడుంతో బస్సు కోసం ఎండలో నిలబడేది. కొన్నాళ్ళకు ఆయన అడగడం మానేశారు. అమ్మకు నా బండంటే ఎందుకో కిట్టదు అని నాతోనే అనేవారు. మొదట నవ్వుతూ అనేవారు. తర్వాత నవ్వకుండా అనేవారు. తల్లీ కొడుకుల మధ్య ఏ పోట్లాటా లేదు. ఒకరి మనసు నొప్పించకూడదని ఒకరు ఊరుకున్నారు. ఆ ఇద్దరి మధ్య నేను నిలబడి, అన్నీ తెలిసి, ఇద్దరికీ అన్నం వడ్డించాను.

చెప్పడానికి వారం దాటనివ్వకూడదు ఇలాంటివి. మొదటి వారంలో చెప్పి ఉంటే ఆయన నాలుగు కేకలేసేవారు, అత్తయ్య నవ్వేసేది. రేపు చెబుదాంలే అనుకున్నాను. ఎన్ని రేపులు పోయాయో! అత్తయ్య పోయింది. ముసలితనపు జబ్బే, ఎవరి తప్పూ లేదు. కొడుకు తనని అపశకునం అనుకున్నాడనే మాట మనసులో పెట్టుకునే పోయింది. దాని మీద కోపం కూడా పెట్టుకోలేదు. అది నేను దిద్దగలిగిన లెక్క, దిద్దలేదు. ఇప్పుడు ఎవరు క్షమించినా ఆ మాట ఆమె చెవిన పడదు. అందుకే క్షమించమని మిమ్మల్నీ అడగను.

ఆ బండిని మా ఆయన ఇంకా అమ్మలేదు. రంగు వెలిసిపోయింది, పశువుల చావిడిలో ఉంటుంది. తుడిచినప్పుడల్లా, అమ్మ ఒక్కసారి కూడా ఎక్కలేదే అంటారు. ఆ మాట వినపడగానే నేను లేచి లోపలికి పోతాను. ఒకప్పుడు అత్తయ్య లోపలికి పోయినట్టే.

పొద్దున పనయ్యాక కూర్చున్నాను రాయడానికి. ఏడుస్తాననుకున్నాను, ఏడవలేదు. మధ్యలో ఆకలి వేస్తే లేచి పెరుగన్నం తిన్నాను కూడా. చాలా రోజుల తర్వాత ముద్ద హాయిగా దిగింది. ఇది ఆయనకు చూపిస్తానో లేదో ఇప్పుడే చెప్పలేను. చూపిస్తే ఎలా చూస్తారో తెలియదు, ఎలా చూసినా పడతాను. చూపించకపోయినా, ఆ సాయంత్రం ఆయన అడిగిన దానికి జవాబు ఇక్కడ రాసి ఉంచుతున్నాను.

కనపడిందండీ. కొంగున కట్టిన నిమ్మకాయలతో సహా కనపడింది.