తాపీ సూస్తే మండిపడే అచ్చయ్య సారు

అచ్చయ్య సారుకు మామూలుగ మాట్లాడుడు రాదు. నోరు తెరిస్తే తిట్లే. నీళ్లు ఇంకే కాంక్రీట్ పోసే మేస్త్రీలకు సూర్యాపేటల ట్రైనింగ్ ఇచ్చి, పరీక్ష పాసైతే కార్డు ఇస్తరు. నేర్పేది ఈయన. వారం రోజులు ఆయన నోట్లె పడ్డ. తల్సుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతది.

మొదటి రోజే నా చేతుల తాపీ సూసిండు.

"ఎందుకురా సైదులు అది? బూరెలు తిప్పుతవా?"

గుంజుకొని బీరువల పడేసి తాళమేసిండు. ఇరవై ఏండ్ల సంది నా చేతిల ఉన్న తాపీ! ఎంత కోపమొచ్చిందో.

"ఈ కాంక్రీట్ పేలాల ఉండ లెక్కుండాలె. వాన నీళ్లు సందులకెల్లి భూమిలకు దిగాలె. నువ్వు నున్నగ రుద్దితే సందులు మూస్కపోతయి. మల్ల గాడ ఈత కొడతవా?"

నా గతే గిట్లుంటే, నాతోటి ట్రైనింగ్‌కు వచ్చిన బాల్యాది ఇంకా అన్యాలం. కోదాడ పక్క తండా ఆయనది. కోదాడ బడి ఆవరణల నీళ్లు నిలుస్తున్నయని ఈ కాంక్రీట్ పోపిస్తున్నరు. ఆయన బిడ్డ ఆ బడిలనే సదువుతది, వానొస్తే మోకాళ్ల లోతు నీళ్లల్ల పోవాలె. ఆ పని తన చేతితోనే చేయాలని బాల్యా పట్టుదల. కార్డు లేకుంటే పని లేదు.

నేర్సుకునే కాడ బాల్యా తన వంతు కాంక్రీట్ ముక్క మంచిగనే పోసిండు. అలవాటు ఊకుంటదా? మెరుపు రావాలని పైన సిమెంట్ పాలు పోసిండు. సారు బకెట్ నీళ్లు గుమ్మరిచ్చిండు. చుక్క దిగలే.

"కాంక్రీటా ఇది, తాంబాలమా?"

అప్పటి సంది బాల్యాను ఛాయ్ తాగనియ్యడు, అన్నం తిననియ్యడు, ఒకటే ప్రశ్నలు.

"నీళ్లెన్ని పోస్తవురా?"

"పిడికిట్ల ముద్ద కట్టాలె, వేళ్ల సందుల కారొద్దు సార్."

"పోసినంక పైన ప్లాస్టిక్ పట్టా ఎన్ని దినాలు కప్పుతవ్?"

"ఏడు సార్."

"ఆరంటే మెడవట్టి గెంటుదును!"

నాకు ఇగ ఆగలే. "సార్, ఆయన మనిషా, ఎద్దా? జర బుక్కెడు తిననియ్యుండ్రి!"

"నువ్వు నోరు ముయ్!"

ఆఖరి రోజు రాతపరీక్ష. పేపర్ ఇయ్యంగనే బాల్యా లేసిండు. "సైదులన్నా, నాకు సదువు రాదు. నేను పోత." సారు తలుపుకు అడ్డం నిలవడ్డడు.

"యాడికిరా? కూసో! నీకు నోటితోనే పరీక్ష."

మొదటి రోజు బాల్యా వేలిముద్ర ఏసినప్పుడే సారు సూసిండంట. పై ఆఫీసు సుట్టు మూడుసార్లు తిరిగి, కొట్లాడి, పర్మిషన్ కాయితం తెచ్చిండు.

పరీక్ష పెట్టెటందుకు వచ్చిన స్వాతి మేడం ఏదడిగినా బాల్యా టపటప చెప్పిండు. అన్నం కాడ, ఛాయ్ కాడ తిట్లు తిని నేర్సినవే అన్నీ. ఇరవైకి ఇరవై. సదువొచ్చిన నాకు పదహారు.

కార్డు చేతికొచ్చినంక బాల్యా అటు తిప్పి ఇటు తిప్పి సూసిండు. "సార్, ఇందుల నా పేరేడుంది?"

సారు మొఖం ఎర్రగైంది. "సొంత పేరు గుర్తువట్టవా? రేపు పొద్దుగాల ఆరింటికి మా ఇంటికి రా, అక్షరాలు దిద్దిపిస్త. ఒక్క నిమిషం ఆలస్యమైందో, సూడు!"

నేను నవ్వుకుంట మెల్లగ జారుకుంటున్న.

"నువ్వు గూడ రా సైదులు! సదువొచ్చి నాలుగు తప్పులు చేస్తవా?"