మధ్యాహ్నపు ఎండ పాఠం

ఇరవై ఏళ్లుగా తొమ్మిదో తరగతి బోర్డు మీద ఒకే బొమ్మ వేస్తున్నాను. కింద భూమి, పైన ఒక గీత, ఆ గీత దగ్గర ఆగిపోయే బాణాలు. ఎండలో కంటికి కనిపించకుండా చెరుపు చేసే భాగం ఒకటుంది, పుస్తకంలో దాని పేరు అతినీలలోహిత కిరణాలు. పై గాలిలోని ఆక్సిజనూ, దాని నుంచే పుట్టిన ఓజోనూ దాన్ని చాలావరకు పీల్చుకుంటాయి. పొద్దునా సాయంత్రమూ ఎండ ఏటవాలుగా, ఎక్కువ గాలిని దాటుకుని వస్తుంది కాబట్టి ఆ చెరుపు బాగా తగ్గుతుంది. మిట్టమధ్యాహ్నం అంత తగ్గదు. పిల్లలు రాసుకుంటారు, నేను బోర్డు తుడుస్తాను. ఈ మధ్య తుడవడానికి కూడా ఓపిక ఉండటం లేదు.

అమ్మ ఎడమ కంట్లో కండ పెరిగి నల్లగుడ్డు మీదికి పాకితే కిందటేడు ఆపరేషన్ చేయించాను. ఇన్నేళ్ల చేని ఎండే కారణమని డాక్టరు అన్నాడు. మళ్లీ పెరిగితే చూపుకే మోసమని, ఎండలోకి పోయినప్పుడల్లా నల్లద్దాలు పెట్టుకోమన్నాడు. మంచివే కొనిచ్చాను.

మొన్న ఆదివారం మధ్యాహ్నం వేరుశెనగ చేనికి అన్నం తీసుకుపోయాను. అమ్మ వట్టి కళ్లతో కలుపు తీస్తోంది. ఎడమ కంటి తెల్లగుడ్డు మూల మళ్లీ ఎర్రగా కండ లేచింది. అద్దాలేవని అడిగితే పెట్టెలో ఉన్నాయంది. లేపాక్షికి ఒకసారి, ఎవరిదో పెళ్లికి ఒకసారి పెట్టుకుని, తుడిచి, గుడ్డలో చుట్టి దాచిందట. చేనికి తెస్తే దుమ్ముకు గీతలు పడతాయని ఆమె భయం.

నాకు ఒళ్లు మండింది. అక్కడే కూర్చుని పుల్లతో మట్టిలో అదే బొమ్మ గీశాను. గీత, బాణాలు, గాలి పీల్చుకున్నది, పీల్చుకోక మిగిలింది, అంతా చెప్పాను. తెల్లారే వచ్చి పది గంటలకల్లా ఇల్లు చేరమన్నాను. కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చివరిదాకా విన్నది.

"ఇదంతా ఇన్నేండ్ల నుంచి ఊర్లో పిల్లోళ్లకు చెప్తాండావు. నాకు ఒక్కతూరి చెప్పింటే ఏం పోయేది నాయనా?" అంది.

ఆ ఇరవై ఏళ్లూ నేను బడికీ ఆమె చేనికీ ఒకే వాకిలి దాటి, ఒకే వేళకు బయల్దేరాం. చెప్పాలని నాకు తోచలేదు, అంతే. సిగ్గేసింది.

మిగిలిన సాళ్లు నేను తీస్తానన్నాను. ఆమె గట్టున కూర్చుని, కొంగు చాటు నుంచి ఆ కంటితోనే చూస్తూ, కలుపుతో పాటు వేరుశెనగ చెట్లు కూడా పీకుతున్నానని చెప్పింది.