బండ తగిలిన మూల

జూబ్లీహిల్స్‌లోని మా ఇంటి నుంచి నడక దూరంలో, ఫిల్మ్‌నగర్‌లోని ఒక స్టూడియో ఖాళీ స్థలంలో, కొన్నేళ్ళ క్రితం యూరప్‌లోని ఒక పాత నగరపు అంగడి చౌకును సెట్టుగా వేశారు. ఆ సినిమా కళాదర్శకుడు కళాశాలలో నా దగ్గర చరిత్ర చదువుకున్నవాడు. సెట్టును ఛాయాచిత్రాలతో పోల్చి తప్పులు చెప్పమని కోరాడు. పదవీ విరమణ చేసి ఉన్న నేను నెల రోజులపాటు ప్రతి ఉదయం వేళ తప్పకుండా అక్కడికి వెళ్ళాను.

చెప్పుకోదగిన తప్పు ఒకటే కనబడింది. చౌకులోని చర్చికి వీపు పెట్టి నిలబడితే, ఛాయాచిత్రాల్లో రాతి ఫౌంటెన్ ఎడమ మూలలో ఉంది. వీళ్ళు కుడి మూలలో కట్టారు.

"ఎడమ దిక్కు తవ్వితే బండ తగిలింది సార్. మిషన్ పెట్టినా పగుల్తలేదు. అందుకే ఇటు కట్టినం," అన్నాడు నా శిష్యుడు.

"ఒక బండ కోసం అంత పాత ఫౌంటెన్‌ను కదిలిస్తారా?"

"బండ అంతకన్న పాతది గదా సార్."

ఆ నెలంతా భోజనం దగ్గర నా భార్యకు ఈ అపచారం గురించి చెబుతూనే ఉన్నాను. ఆమె పప్పు వడ్డిస్తూ వినేది.

గత వేసవిలో ఒక యాత్రా బృందంతో కలిసి మేమిద్దరం ఆ నగరానికే వెళ్ళాం. ఏ పనికైనా ముందుగా ఒక నియమం ఉండాలన్నది నా పద్ధతి. బస్సు దిగకముందే ఆమెతో అన్నాను: "తప్పిపోతే వెతకవద్దు. చర్చికి వీపు పెట్టి నిలబడి, కుడి మూలకు వెళ్ళు. ఫౌంటెన్ ఉంటుంది. అక్కడే ఉండు." ఆమె నా ముఖంలోకి ఒకసారి చూసి, "సరే" అంది. ఆమె ఫోను హోటలు గదిలోనే ఉండిపోయింది. ఆ హోటలు పేరు పలకడానికి ఆమెకు నోరు తిరగదు. బస్సు తిరిగి నాలుగు గంటలకు బయలుదేరుతుంది.

చౌకులో అడుగు పెట్టగానే నాకు అయోమయం మొదలైంది. అన్నీ తెలిసిన గోడలే, తెలిసిన కిటికీలే. సెట్టులో ఒక పచ్చ తలుపు తీస్తే వెనుక కొయ్య ఊతాలు, జనరేటరు కనబడేవి. ఇక్కడ అదే తలుపు తీసుకుని ఒక ముసలాయన కుక్కతో బయటికి వచ్చాడు. నేను పక్కకు తప్పుకోలేదు. అందులోంచి మనిషి రాగలడని నా మనసు ఒప్పుకోలేదు. ఆయన ఏదో గొణుక్కుంటూ వెళ్ళాక వెనక్కి తిరిగి చూస్తే, పూల దుకాణాల గుంపులో నా భార్య లేదు.

నియమం ప్రకారం కుడి మూలకు వెళ్ళాను. అక్కడ చారల గుడ్డ పందిరి కింద చీజ్ ముద్దలు అమ్ముతున్నారు. ఫౌంటెన్ లేదు, ఆమె లేదు. మళ్ళీ చర్చి దగ్గరికి వచ్చి, వీపు పెట్టి నిలబడి, ఏది కుడిచెయ్యో ఎత్తి చూసుకున్నాను. ఇద్దరు యాత్రికులు నన్ను ఫోటో తీశారు. ఇది వేరే చర్చి ఏమోనన్న అనుమానం కూడా కలిగింది. అంతలో నీళ్ళ చప్పుడు వినబడింది. ఛాయాచిత్రాల్లో ఉన్నట్టే ఫౌంటెన్ ఎడమ మూలలో ఉంది; నా నోట వచ్చిన కుడి సెట్టుది.

అక్కడికి పరుగులాంటి నడకతో వెళ్ళాను. ఆమె లేదు. నియమంలో ఫౌంటెన్ ఉంది కనుక అక్కడే నిలబడ్డాను. చర్చి గడియారం మూడుంపావు చూపింది, తరువాత మూడున్నర చూపింది. తెలుగు, కాస్త ఉర్దూ తప్ప మరో భాష రాని మనిషి, చేతిలో ఫోను లేని మనిషి, ఎవరిని ఏమని అడుగుతుంది? నేను చెప్పింది రెండు మాటలు: కుడి, ఫౌంటెన్. రెండూ ఒకచోట లేవు. ఏ మాటను ఆమె పట్టుకుంటుందో, ఇన్నేళ్ళ కాపురం తరువాత కూడా నాకు తెలియలేదు.

నాలుగుకు పది నిమిషాలుండగా మళ్ళీ కుడి మూలకు వెళ్ళాను. చీజ్ అమ్మే ఆవిడ వేసిన కుర్చీలో నా భార్య కూర్చుని ఉంది. ఒళ్ళో ఏదో కాగితపు పొట్లం.

"ఇందాక వచ్చాను. నువ్వు లేవు."

"గింత జనంల నడిచి రావద్దా? మీ లెక్క నాకు కాళ్ళు ఉరుకుతయా?"

"ఇక్కడ ఫౌంటెన్ లేదు కదా. అది అటువైపు ఉంది."

"తెలుసు. నెలంతా అన్నం కాడ చెప్పింది మీరే గదా."

"మరి బస్సులో నేను కుడి అన్నప్పుడు ఎందుకు మాట్లాడలేదు?"

"అందరి ముంగట సార్ తప్పు చెప్పిండని అనాల్నా? మీ నోరు కుడి అన్నది, మీ కాళ్ళు గూడ ఇటే వస్తయనుకున్న. అటెందుకు పోయిన్రు?"

ఫౌంటెన్ అటు ఉంది కనుక వెళ్ళానని చెప్పబోయి మానుకున్నాను. తప్పు దారిలో నా కోసం కాచుకున్న మనిషిని, ఒప్పు దారి పట్టి పోగొట్టుకోబోయానన్నమాట. దీన్ని ఏ వరసలో పెట్టి ఆలోచించాలో ఇప్పటికీ తేలలేదు.

ఆమె కుర్చీలోంచి లేచి, ఆ దుకాణం ఆవిడకు దండం పెట్టింది. ఆవిడ కూడా చేతులు జోడించింది. బస్సు ఏ వీధిలో ఆగిందో నాకు స్పష్టంగా గుర్తుంది. అయినా దారి చెప్పకుండా, ఆమె కొంగు మీద చూపు నిలిపి, వెనుకే నడిచాను.