మెకానిక్ ముందు ఆగని కంప్యూటరు

మా అన్నయ్య కంప్యూటర్లు బాగుచేస్తాడు. నిజం చెప్పాలంటే ఎక్కువసేపు వాటి ముందు ఊరికే కూర్చుంటాడు. వీధిలో అందరూ అతన్ని ‘నిదానం’ అంటారు. పక్క దుకాణం వాళ్ళు గంటలో తిరిగిచ్చేదాన్ని మా అన్నయ్య మూడు రోజులు అట్టే పెట్టుకుంటాడు. వచ్చినవాళ్ళ చేత మాటలు పడేది నేను కాబట్టి నాకు ఒళ్ళు మండుతుంది. “స్క్రూ విప్పడానికి ముహూర్తం చూస్తున్నావా?” అంటాను. “విప్పితే మళ్ళీ బిగించాలిగా,” అంటాడు. ఆ మనిషితో పోట్లాడి గెలిచినవాళ్ళు లేరు.

అతనికి ఇంకో జబ్బు కూడా ఉంది. కంప్యూటరు ఆగిపోయిందని ఎవరైనా వస్తే, ఆగినప్పుడు ఇంట్లో ఎవరెవరున్నారు, ఎవరు ఏం చేస్తున్నారు అని ఆరా తీస్తాడు. పోలీసులైనా అన్ని ప్రశ్నలు వెయ్యరు.

ఒక సోమవారం పొద్దున ఒకావిడ కంప్యూటరు డబ్బాను పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తుకొచ్చింది. డాక్టర్లు రికార్డు చేసి పంపే మాటలు విని టైపు చెయ్యడం ఆమె ఉద్యోగం. ఇంట్లో కూర్చునే చేస్తుంది. నెల రోజులుగా కంప్యూటరు ఉన్నట్టుండి ఆగిపోతోందట, చేసిన పనంతా గాలికి పోతోందట. ఒక మెకానిక్ కరెంటు అందించే పెట్టె మార్చాడు. ఇంకొకతను మెమరీ మార్చాడు. ఎలక్ట్రీషియన్ వచ్చి గోడలో వైర్లు మార్చాడు.

“ఇంక మార్చాల్సింది నన్నే,” అని నవ్వబోయింది. నవ్వు రాలేదు.

నెలాఖరులోగా ఇది బాగుపడకపోతే ఇంటి నుంచి పని కుదరదని, రోజూ ఆఫీసుకు రావాల్సిందేనని పైవాళ్ళు తేల్చి చెప్పారు. ఇంట్లో ఉండేది ఆమె, ఆమె తండ్రి. ఆయన బాత్రూములో రెండుసార్లు పడ్డాడు, ఒంటరిగా వదిలే పరిస్థితి లేదు.

“వృద్ధాశ్రమం కాగితాలు తెచ్చాను. నేనింకా సంతకం పెట్టలేదు. నాన్న పెట్టేశాడు,” అంది. నెలాఖరుకు ఇంకా ఆరు రోజులుంది.

అన్నయ్య ఆ డబ్బాను దుకాణంలో రెండు రోజులు ఆపకుండా నడిపాడు. అది ఒక్కసారి కూడా ఆగలేదు. ఇచ్చేసి రమ్మన్నాను. “దీనికి ఏ జబ్బూ లేదు. ఉంటే ఆ ఇంట్లోనే ఉంది,” అన్నాడు. బుధవారం సాయంత్రం డబ్బాను ఆమె ఇంటికి పంపించేసి, గురువారం ఇద్దరం వెళ్ళాం. సంచి మోయడానికి నేనుండాలి కదా!

అవి రెండే గదులు. ముందుగదిలో గోడవారగా బల్ల. బల్ల కింద డబ్బా. దాని వెనకభాగం పక్కనే ఉన్న పొట్టి కుర్చీ వైపు తిరిగి ఉంది. ఆ కుర్చీలోని పెద్దాయన మమ్మల్ని చూడగానే లేచాడు. “రండి, కూర్చోండి,” అని కుర్చీ మా అన్నయ్యకిచ్చి, దుప్పటి మడిచి చంకన పెట్టుకుని, గోడ పట్టుకుంటూ లోపలిగదిలోకి వెళ్ళాడు.

అన్నయ్య ఆ కుర్చీలో రెండు గంటలు కూర్చున్నాడు. ఆమె చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని టైపు చేసుకుంటూ పోయింది. కంప్యూటరు బుద్ధిమంతుడిలా నడిచింది. నాకు మాత్రం తల ప్రాణం తోకకొచ్చింది. మంచినీళ్ళ కోసం లోపలికి వెళ్తే పెద్దాయన మంచం అంచున కూర్చుని ఉన్నాడు.

“దొరికిందా అమ్మా?” అన్నాడు మెల్లగా.

“ఇంకా లేదండీ.”

“ఎలాగైనా దొరకాలి. నాదేముంది, ఎక్కడైనా ఉంటాను. నన్ను పంపించి మా అమ్మాయి ఉండలేదు.”

నీళ్ళు తాగకుండానే వచ్చేశాను.

ముందుగదిలో అన్నయ్య ఆమె చేత హెడ్‌ఫోన్లు మెడలోకి దింపించి ఎంక్వైరీ మొదలుపెట్టాడు. “ఇవాళ ఒకసారైనా ఆగిందా అమ్మా?”

“మీరు రాకముందు, తొమ్మిదిన్నరకి.”

“ఇంతకుముందు మెకానిక్కులు వచ్చినప్పుడు?”

“అదేం చిత్రమో, వాళ్ళుండగా ఒక్కసారి కూడా ఆగలేదు.”

అన్నయ్య తను కూర్చున్న కుర్చీ వైపు చూసుకున్నాడు. “ఇది ఎవరి చోటు?”

“నాన్నది. పొద్దస్తమానం నా పక్కనే ఉంటాడు. ఎవరైనా వస్తే లేచి ఇచ్చేస్తాడు.”

అన్నయ్య దిగ్గున లేచాడు. మా ఇంట్లో అతను అంత వేగంగా లేవడం నేను చూడలేదు. “బాబాయిగారూ! వచ్చి మీ చోట్లో కూర్చోండి.”

“మీరు నిలబడి నేను కూర్చోవడమా? బాగుండదు బాబూ.”

“మేం లేమనుకోండి. రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండండి. నాకదే సాయం.”

ఆయన మొహమాటపడుతూనే కూర్చున్నాడు. దుప్పటి మోకాళ్ళ మీద కప్పుకుని కాళ్ళు చాపుకున్నాడు. దుప్పటి అంచు బల్ల కిందకు జారింది. తెర మూలన, డబ్బా లోపలి వేడిని చూపించేలా అన్నయ్య పెట్టిన అంకె ఒకటి ఉంది. అది డెబ్బై దాటింది, ఎనభై దాటింది. నేను నోరు తెరవబోతే అన్నయ్య కళ్ళు ఉరిమాడు. తొంభై అయిదు దగ్గర తెర నల్లబడింది.

ఆమె రెండు చేతులతో ముఖం కప్పుకుంది. “మళ్ళీనా!” అన్నాడు పెద్దాయన కంగారుగా.

అన్నయ్య కింద కూర్చుని దుప్పటి అంచు ఎత్తాడు. మేజోళ్ళు వేసుకున్న రెండు పాదాలు, డబ్బా లోపలి వేడిగాలి బయటికొచ్చే జాలీకి ఆనించి ఉన్నాయి.

“ఇక్కడ వెచ్చగా ఉంటుందా బాబాయిగారూ?”

“హాయిగా ఉంటుంది బాబూ. ఈమధ్య కాళ్ళు...” అంటూ ఆగిపోయాడు. నల్లటి తెర వంక చూశాడు. పాదాలు మెల్లగా కుర్చీ కిందకు లాక్కున్నాడు. “నా వల్లేనా?”

అన్నయ్యకు అబద్ధం చెప్పడం రాదు. “లోపలి వేడి పోయే దారి మూసుకుపోయింది, అంతేనండీ. మెషీను చెడిపోలేదు. దీన్ని అటు తిప్పి పెడితే ఇంక ఆగదు.”

పెద్దాయన కూతురి వైపు తల తిప్పలేకపోయాడు.

ఆమె హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. నేల మీద కూర్చుని, వద్దంటున్నా వినకుండా ఆయన కాళ్ళు బయటికి లాగి మేజోళ్ళు తీసింది. పాదాలు పట్టుకుని ఉలిక్కిపడింది.

“ఇంతసేపు వేడికి పెట్టినా ఇంత చల్లగా ఉన్నాయేంటి నాన్నా! ఎన్నాళ్ళ నుంచి? నాకు చెప్పొచ్చుగా!”

“చెవుల్లో అవి పెట్టుకుని ఉంటావుగా తల్లీ. ఎప్పుడు తీస్తావా అని చూస్తూ కూర్చుంటాను. తీసేసరికి, ఏం చెప్పాలనుకున్నానో నాకే గుర్తుండదు.”

ఆమె ఆ రెండు పాదాలనూ ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. మా ముందు ఏడుస్తున్నానన్న ధ్యాస కూడా లేదు ఆమెకు. అన్నయ్య చప్పుడు కాకుండా డబ్బాను రెండో వైపుకు తిప్పి, కాసేపు చల్లారనిచ్చి మీట నొక్కాడు. తెర వెలిగింది.

“కంప్యూటరు ఆన్ అయిందండీ,” అన్నాను.

“అవనీండి,” అంది ఆమె, పాదాలు రుద్దుతూ.